చేతిలో పని తెలిసిన రేడియో

మా వీధిలో మూడిళ్ల అవతల ఉండే పెద్దావిడ మొన్న వేసవిలో ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. సామాను సర్దడానికి సాయం వెళ్లిన ఇరుగుపొరుగులో నేనూ ఉన్నాను. ఆవిడ తల్లి కాలం నాటి వంటింటి అల్మారాలో గరిటెలు పెట్టుకునే సొరుగును ఖాళీ చేసి బోర్లిస్తే, అడుగున పరిచిన కాగితం ఊడి కింద పడింది. మన ఇళ్లలో అరల్లో పాత దినపత్రికలు పరిచినట్టే వాళ్లూ పరిచారు. అది 1951 శరత్కాలం నాటి, బీబీసీ కార్యక్రమాల పట్టిక వేసే వారపత్రిక రేడియో టైమ్స్‌లో ఒక పుట. నూనె మరకల మధ్య సన్నటి అచ్చులో, ఒక మామూలు పనిదినాన బీబీసీ ఏ వేళకు ఏమి వినిపించబోతోందో వరుసగా ఉంది. మడిచి పారేయబోతుంటే అడిగాను, తీసుకోమన్నారు.

ఆ పుట నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. అది దొరికిన వారంలోనే, ఇంగ్లండ్‌లో నేనుండే లెస్టర్ ఊళ్లో తెలుగువాళ్లం కలిసినప్పుడు ఒక మిత్రుడు, ఆ కాలపు శ్రోతల మీద తనకు జాలి కలుగుతుందని, ఎవరో పెద్దమనుషులు కూర్చుని వడ్డించింది నోరెత్తకుండా వినాల్సి వచ్చేదని, ఇప్పుడు మనకు కావలసింది మనం ఏరుకుంటున్నామని అన్నాడు. అప్పుడు నేను కాదనలేదు. ఇంటికి వచ్చి ఆ పుటను మళ్లీ చదివాక, ఆయన మాటలో సగమే నిజం ఉందని అనిపించింది. కార్యక్రమాల పట్టిక వేసేవాడు శ్రోతకు ఏది ఇష్టమో తెలుసుకోవడం కంటే ముందు, ఆ వేళకు శ్రోత చేతిలో ఏ పని ఉందో తెలుసుకోవాలి. ఆ పుట వేసినవాళ్లకు అది తెలుసు. ఇవాళ నా ఫోనుకు నా ఇష్టాలన్నీ తెలుసు. నేను అంట్లు తోముతున్నానో, బిడ్డను నిద్రపుచ్చుతున్నానో దానికి తెలియదు.

రెండింటికి పావుగంట తక్కువ

ఆ పుటలో నా కన్ను మొదట ఆగింది మధ్యాహ్నం 1:45 దగ్గర. బీబీసీలో తేలికపాటి కార్యక్రమాల కేంద్రమైన లైట్ ప్రోగ్రామ్‌లో లిజన్ విత్ మదర్, పావుగంట. 1950 జనవరిలో మొదలైన ఈ కార్యక్రమం బడికి వెళ్లే ఈడు రాని పిల్లల కోసం. ఒక కథ, కొన్ని చిన్న పాటలు. కథ మొదలుపెట్టే ముందు, సర్దుకుని కూర్చున్నారా, అయితే మొదలుపెడతాను అని పిల్లల్ని అడిగే మాట ఈ దేశంలో ఆ తరం వాళ్లందరికీ ఇప్పటికీ కంఠస్థం. ఆ అడిగిన తర్వాత చిన్న విరామం ఉంటుంది. తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పిల్లకు జవాబు చెప్పుకునే వ్యవధి అది.

దాని వెంటనే, సరిగ్గా రెండింటికి, అదే కేంద్రంలో ఉమన్స్ అవర్. ఈ రెండింటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారో ఆ పుటలో ఎక్కడా రాసి లేదు. పసిపిల్లలున్న ఇంట్లో ఒక్క మధ్యాహ్నం గడిపినవాళ్లకు చెప్పనక్కర లేదు. భోజనాలు అయ్యాయి, గిన్నెలు కడగడం అయింది, పిల్ల ఒడిలో చేరింది, కథ విన్నది, కళ్లు మూతలు పడ్డాయి. ఇక తల్లికి ఒక గంట మిగిలింది. ఆ గంటలో, రేషన్ కార్డు మీద దొరికే కాస్త వెన్నతోనే వంట ఎలా నెట్టుకురావాలన్న సంగతి నుంచి, ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే మెనోపాజ్ దాకా వచ్చేవి. 1946 అక్టోబరులో మొదలైనప్పుడు ఈ స్త్రీల కార్యక్రమాన్ని నడిపినది అలన్ ఐవిమీ అనే పురుషుడు. శ్రోతలకు ఆ పద్ధతి నచ్చలేదు. త్వరలోనే స్త్రీల గొంతులు వచ్చాయి.

ఆ పావుగంటా ఆ గంటా ఒకదాని తర్వాత ఒకటి రావడాన్ని నేను గొప్ప రచనతో సమానంగా చూస్తాను. ఎవరో ఒక కార్యాలయంలో కూర్చుని, తమకు తెలియని లక్షల వంటిళ్లలో రెండింటికి పావుగంట తక్కువకు ఏమి జరుగుతూ ఉంటుందో ఊహించారు. ఊహతోనే ఆగలేదు. 1936 నుంచే బీబీసీలో రాబర్ట్ సిల్వీ ఆధ్వర్యంలో శ్రోతల పరిశోధన విభాగం ఉంది. జనం ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అడిగి తెలుసుకోవడం దాని పనుల్లో ఒకటి.

టెలివిజన్ వచ్చిన తొలి ఏళ్లలో కూడా ఈ అలవాటు పోలేదు. 1957 ఫిబ్రవరి దాకా ఇక్కడ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టెలివిజన్‌లో ఏమీ వచ్చేది కాదు. పిల్లల్ని పడకెక్కించడానికి ఆ గంటను వదిలేశారు. ప్రకటనల ఆదాయం మీద బతికే కొత్త ఛానెల్‌కు ఆ గంట నష్టం కావడంతో దాన్ని ఎత్తేశారు. శ్రోత పనిని పక్కకు నెట్టి శ్రోత దృష్టిని పట్టుకోవడమే లెక్కలోకి రావడం అక్కడ మొదలైందని నా నమ్మకం.

మేజోళ్ల మిషను, అరగంట పాట

పెద్దావిడ 1950లో, పదిహేనో ఏట, ఇక్కడి మేజోళ్ల కార్ఖానాలో చేరారు. ఆ రోజుల్లో లెస్టర్ అంటే మేజోళ్లూ బనీన్లూ బూట్లూ. ఆవిడ పని మేజోడు వేళ్ల దగ్గర తెరిచి ఉన్న మూతిని మూసి కుట్టడం. గుండ్రటి చక్రం అంచున సూదుల్లా నిలబడిన ముళ్ల మీదికి, అల్లికలో చివరి వరుసలోని ఒక్కొక్క ఉచ్చునూ వేళ్లతో ఎక్కించాలి. ఒక్క ఉచ్చు తప్పిందంటే మేజోడు అక్కడ విడిపోతుంది. చక్రం ఆగదు. కూలి డజన్ల లెక్కన. ఆవిడ నాకు చూపించడానికి రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ దగ్గరకు తెచ్చి గాలిలోనే ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ కదలిక ఎంత వేగంగా ఉందంటే, ఆ వేళ్లు కీళ్లనొప్పులతో వంకర్లు పోయినవని ఆ కాసేపూ గుర్తు రాలేదు.

ఆ గదికి ఉదయం 10:30కీ మధ్యాహ్నం 3:45కీ గోడమీది స్పీకర్లలో మ్యూజిక్ వైల్ యు వర్క్ వచ్చేది. యుద్ధం మధ్య, 1940 జూన్ 23న మొదలైన కార్యక్రమం ఇది. యుద్ధకాలంలో రాత్రి షిఫ్టుల వాళ్లకోసం మూడోసారి కూడా వినిపించేవారు. అరగంట పాటు వాద్యబృందం ఆపకుండా వాయిస్తుంది, మధ్యలో మాటలు ఉండవు. దీనికి బీబీసీ పెట్టుకున్న నియమాలు చదివితే అవి సంగీతశాస్త్రంలోంచి వచ్చినవి కావని తెలుస్తుంది. స్వరం ఒక్కసారిగా తగ్గకూడదు, ఎందుకంటే మిషన్ల రొదలో తగ్గిన భాగం వినపడదు. నిద్ర తెప్పించే నెమ్మది నడక ఉండకూడదు. జనానికి తెలిసిన వరసలే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే తెలిసిన పాటను వినడానికి చెవి ఒగ్గనక్కరలేదు. మధ్యలో చప్పట్లు కొట్టాల్సిన ఒక అమెరికన్ పాటను ఈ కార్యక్రమంలోంచి తీసేశారు. చప్పట్లకు చేతులు ఖాళీ లేని కార్మికులు పనిముట్లతో మిషన్ల మీద కొట్టేవారట.

సంగీతాన్ని ఇలా కొలతలు వేసి కత్తిరించడం కళకు అవమానం అని నాలోనే ఒక గొంతు అంటూ ఉంటుంది. కర్ణాటక కచేరీలు వింటూ పెరిగినవాణ్ణి. పల్లవి విస్తరిస్తున్నప్పుడు విద్వాంసుణ్ణి అరగంటలో ముగించమనడం నాకు కష్టంగా తోస్తుంది. కానీ మన నాట్లు వేసే పాటలూ, దంపుళ్ల పాటలూ పుట్టింది ఇదే లెక్కలోంచి కదా. రోకలి పైకి లేచే వేళకు ఒక ఊపు, కిందికి దిగే వేళకు ఒక ఊపు. ఆ పాటలను దంచేవాళ్లే కట్టుకున్నారు, ఇక్కడ ఎక్కడో స్టూడియోలో కూర్చున్నవాళ్లు కట్టి పంపారు. ఈ తేడా చిన్నది కాదని ఒప్పుకుంటాను. అయినా కట్టి పంపినవాళ్లు రోకలిని చూసే కట్టారు.

వర్కర్స్ ప్లేటైమ్ సంగతి వేరు. 1941 మే నెలలో మొదలైన ఈ కార్యక్రమంలో హాస్యనటులూ గాయకులూ స్వయంగా కార్ఖానా క్యాంటీన్లకు వెళ్లేవారు. మధ్యాహ్న భోజనం వేళ బల్లలు కలిపి వేసిన వేదిక మీద ఆడి పాడేవారు, అది దేశమంతటికీ ప్రసారం అయ్యేది. యుద్ధకాలంలో కార్ఖానా పేరు చెప్పేవారు కాదు. శత్రువుకు జాడ తెలియకూడదు. పెద్దావిడ పనిచేసిన చోటికి అది ఎన్నడూ రాలేదు. ఊళ్లోనే మరో కార్ఖానాకు వచ్చిందని విని, అక్కడ పనిచేసే పిన్నమ్మను చాలాకాలం ఈర్ష్యపడ్డారట.

రేవు కబురు, పొలం కబురు

లైట్ ప్రోగ్రామ్ 1500 మీటర్ల దీర్ఘతరంగం మీద వచ్చేది. ఆ తరంగం సముద్రం మీద చాలాదూరం అందుతుంది కాబట్టి, ఓడలకు చెప్పే వాతావరణ సూచన కూడా దానిమీదే చదివేవారు. పాటల మధ్య, కబుర్ల మధ్య, ఒక్కసారిగా డాగర్, హంబర్, థేమ్స్, డోవర్ అంటూ సముద్ర విభాగాల పేర్లు, గాలి దిక్కు, వేగం, చూపు ఆనే దూరం. సముద్రం దరిదాపుల్లో లేని లెస్టర్‌లో ఇస్త్రీ చేసుకుంటున్న మనిషికి అందులో ఒక్క ముక్కా పనికిరాదు. కానీ ఆ రెండు మూడు నిమిషాలు ఆమె ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని, చీకట్లో వల లాగుతున్న ఎవరో ఒక మనిషి పనిని వింటూ ఉండేది. ఇది నాకు ఆ పట్టికలో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. నా చేతిలో పని తెలిసిన రేడియో మంచిదే. నీ చేతిలో పని కూడా నాకు వినిపించే రేడియో మరీ మంచిది.

రేడియో ధారావాహిక ది ఆర్చర్స్ పుట్టుక కూడా ఇలాంటిదే. యుద్ధం ముగిసినా తిండికొరత తీరలేదు. రేషన్ 1954 దాకా సాగింది. 1948లో బర్మింగ్‌హామ్‌లో రైతులతో బీబీసీ వాళ్లు జరిపిన సమావేశంలో, పొలం సంగతులు చెప్పే ఉపన్యాసాలతో పని జరగదని, డిక్ బార్టన్ లాంటిది కావాలని లింకన్‌షైర్ రైతు ఒకాయన లేచి అన్నారు. డిక్ బార్టన్ అంటే ఆనాడు ప్రతి సాయంత్రం దేశాన్ని రేడియోకు కట్టిపడేసిన గూఢచారి ధారావాహిక. బీబీసీలో వ్యవసాయ కార్యక్రమాలు చూసే గాడ్‌ఫ్రే బేస్లీ ఆ మాటను మనసులో పెట్టుకుని ఒక రైతు కుటుంబం కథ తయారు చేయించారు. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వచ్చింది. కొన్ని నెలలకే డిక్ బార్టన్‌ను ఆపేసి అతని వేళనే, సాయంత్రం 6:45ను, దీనికి ఇచ్చారు. ఆ వేళకు పాలు పితకడం అయిపోయి ఉంటుంది, ఇంట్లో తేనీటి వేళ ముగిసి ఉంటుంది. ఎరువుల సంగతీ పశువుల జబ్బుల సంగతీ మామా అల్లుళ్ల మాటల్లో కలిసి వచ్చేవి. పట్నంవాళ్లూ అంతే ఇష్టంగా విన్నారు. ఆవును ముట్టుకోని మనుషులు పాల ధర గురించి బెంగపెట్టుకున్నారు.

వినిపించని చేతులు

ఇంతవరకు రాసింది పెద్దావిడకు ఫోనులో చదివి అర్థం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, తాను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఉమన్స్ అవర్ విననే లేదన్నారు. రెండింటికి తాను మిషను దగ్గర ఉండేవారు. వేసవిలో కార్ఖానాలన్నీ మూసే సెలవుల్లోనూ, జ్వరం వచ్చినప్పుడూ తప్ప ఆ గంట తనది కాలేదు. ఆ మాట నా వాదానికి గట్టిగా తగిలింది. రెండింటికి స్త్రీ అంటే ఇంట్లో ఉన్న స్త్రీ. రెండింటికి మిషను దగ్గర ఉన్న స్త్రీ ఆ గంట లెక్కలో స్త్రీ కాదు, 3:45కు కార్మికుల లెక్కలోకి వస్తుంది. చేతిలో పనిని చూసి వేసిన పట్టిక, ఎవరి చేతిలో ఏ పని ఉండాలో కూడా నిశ్శబ్దంగా చెప్పేస్తుంది. ఈ దోషం నేను మెచ్చుకున్న గుణంలోంచే పుట్టింది కాబట్టి దాన్ని విడదీసి పక్కన పెట్టలేను.

మరొకటి. మ్యూజిక్ వైల్ యు వర్క్‌ను కార్మికుల మీద ప్రేమతోనే పెట్టారని నేను అనుకోను. అరగంట పాట వల్ల ఉత్పత్తి పెరుగుతుందన్న ఆశ దాని వెనక ఉంది. ఆవిడను అడిగితే, అది తమకూ తెలుసని, పాట వస్తున్నప్పుడు డజన్లు ఎక్కువ అయ్యేవని, డజన్లు ఎక్కువైతే కూలీ ఎక్కువని, ఇందులో తగువేముందని అన్నారు. ఈ సంగతిలో ఆవిడ కంటే ఎక్కువ కోపం తెచ్చుకునే అధికారం నాకు లేదు.

అసలు లోటు ఇంకోచోట ఉంది. అదే కాలంలో, అదే లండన్ నుంచి, బీబీసీ కరేబియన్ వాయిసెస్ అనే సాహిత్య కార్యక్రమం నడిపింది. హెన్రీ స్వాంజీ ఏరి కూర్చిన ఆ కథలూ కవితలూ వారానికోసారి సముద్రం దాటి వెస్టిండీస్‌కు వెళ్లేవి. ఆ తర్వాత కొంతకాలం దాన్ని నడిపినది రచయిత వి.ఎస్. నైపాల్. 1948లో వెస్టిండీస్ నుంచి విండ్‌రష్ ఓడలో వచ్చి ఇక్కడ దిగిన మనుషుల సొంత నేల గొంతులు అవి. వాళ్లు లండన్ బస్సుల్లో టికెట్లు కొడుతున్నారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. వాళ్ల పక్కింటి ఇంగ్లిష్ మనిషికి ఆ కార్యక్రమం వినపడదు. అది విదేశాలకు వెళ్లే ప్రసారం. నా బల్లమీది పుటలో దానికి చోటు లేదు. డాగర్ సముద్రంలో వల లాగే చేతిని ఇంటింటికీ వినిపించిన రేడియో, వీధి చివర బస్సు దిగే మనిషిని వినిపించలేదు. ఈ ఊళ్లో వలస మనిషిగా బతుకుతున్న నాకు ఈ సంగతి తేలిగ్గా తీసుకోవడం సాధ్యం కాదు.

మూడు మెట్లు

యుద్ధానంతరం బీబీసీ తన ప్రసారాన్ని మూడు పాయలు చేసింది. వార్తలూ నాటకాలూ బడిపాఠాలూ కలిసిన హోమ్ సర్వీస్. 1945 జులైలో వచ్చిన లైట్ ప్రోగ్రామ్. 1946 సెప్టెంబరు 29న సాయంత్రం ఆరింటికి మొదలైన థర్డ్ ప్రోగ్రామ్. అప్పటి అధిపతి విలియం హేలీ ఆలోచనలో ఇవి ఒక పిరమిడ్. శ్రోత కింది మెట్టు మీద మొదలై, ఏళ్ల తరబడి వింటూ వింటూ పైకి ఎక్కాలి. ఈ విభజన తొలి అధిపతి రీత్‌కు నచ్చలేదు. నాకు రీత్ చాలా విషయాల్లో కఠినుడిగా కనిపిస్తాడు గానీ ఇక్కడ అతనితోనే ఉంటాను.

థర్డ్ ప్రోగ్రామ్‌ను నేను తక్కువ చేయడం లేదు. పూర్తి ఒపేరా, కత్తిరించని నాటకం, తత్త్వచర్చ; గంట కొట్టగానే ఆపే నియమం లేదు; ఒక కార్యక్రమానికీ మరొకదానికీ మధ్య మౌనం ఉన్నా ఫర్వాలేదు. అది శ్రోతను చేతిలో పని కింద పెట్టి కూర్చోమని అడిగింది. అలా అడగడం కళకు ఉన్న హక్కు. పొరపాటు ఏమిటంటే, దాన్ని వేరే తరంగం మీద పెట్టి తలుపు వేశారు. గిన్నెలు కడుగుతూ అనుకోకుండా ఒక తంత్రీవాద్య రచన చెవిన పడి చేయి ఆగిపోయే అవకాశం పోయింది. మెట్లు కట్టారు గానీ మెట్టుకూ మెట్టుకూ మధ్య తిప్పాల్సిన బిరడా ఒకటి వచ్చింది. ఎక్కినవాళ్లు కొద్దిమందే. 1957లో థర్డ్ ప్రసార సమయాన్ని బాగా కోసేశారు.

ఈ మాట ఇంత నమ్మకంగా అనడానికి నాకు వేరే కారణం ఉంది. 1935లో భారతదేశానికి ప్రసార కంట్రోలర్‌గా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషే. మరుసటి ఏడాది ఆల్ ఇండియా రేడియో పేరు ఆయన హయాంలోనే వచ్చింది. అంటే మనకు అందిన నమూనా ఈ మూడు పాయల కంటే ముందుది, అన్నీ కలిసి ప్రవహించే పాత బీబీసీది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానికి మూడు పాయలు చేసుకునే స్తోమత కూడా లేదు. అందుకే మా నాయనమ్మ బియ్యం ఏరుకుంటూ వార్తలు వినేది, ధరవరలు వినేది, ఆ వెనకే వచ్చే వయొలిన్ కచేరీ వినేది. రాగాల పేర్లు ఆమెకు తెలియవు. అయినా ఒక్కో రాగం దగ్గర చాటలో చేయి ఆగిపోవడం నేను చూశాను. ఎక్కడ ఆగిందో చూసి నేను రాగాలు గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

స్పీకరు ఆగాక

పోయిన ఆదివారం పెద్దావిడను చూడటానికి వాళ్ల కూతురి ఇంటికి వెళ్లాను. ఆ పుటను జాగ్రత్తగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. 10:30 దగ్గర వేలు పెట్టి, అది పదకొండింటికి ఎలా ఆగేదో చెప్పారు. పాట చివరి మోత ముగియగానే ఎవరో స్పీకరు కట్టేసేవారు. అరగంటగా వినపడకుండా పోయిన మిషన్ల రొద అంతా ఒక్కసారిగా మళ్లీ గదిలోకి వచ్చేది. ఆ తర్వాత మొదటి అయిదు నిమిషాలు రోజంతటిలోకీ కష్టమైనవని, ఆ అయిదు నిమిషాల్లోనే ఉచ్చులు ఎక్కువగా తప్పేవని, అందుకని తన ఎదుటి మిషను మీద ఉండే అమ్మాయి గొంతెత్తి ఆ చివరి పాటనే మళ్లీ అందుకునేదని, ఒక్కొక్కరుగా గదంతా కలిసేవారని చెప్పారు. ఆ అమ్మాయి గొంతు బాగుండేదా అని అడిగాను. మిషన్ల చప్పుడులో అది ఎవరికి తెలుస్తుంది, ఆమె పెదాలను చూసి పాడేవాళ్లం అన్నారు.